తివాచీ, పసుపు, సున్నం

పసుపునీళ్ళలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రబడుతుందని మనలో తెలియనివాళ్ళు ఉండరు. కొత్తకోడలు గడప దగ్గర నిలబడినా, కూతురు పురిటిబిడ్డతో ఇంటికొచ్చినా పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపి దిష్టి తీస్తాం. అయితే ఆ ఎరుపు తివాచీ పరిచే పనికీ, తివాచీ శుభ్రం చేసే పనికీ కూడా అక్కరకొస్తుందని చెబితే నవ్వుతారేమో! నవ్వినా ఫరవాలేదు, పూర్తిగా చదవండి. మా చెల్లెలు నెలల తరబడి పడ్డ మాటలు ఈ పసుపు వల్లే ఆగాయి.

ముందు కొంచెం చదువు సంగతి చెప్పాలి. నేను ఇంటరు బైపీసీతో ఆపేశాను. కెమిస్ట్రీ ల్యాబులో నేర్చుకున్నవాటిలో గుర్తున్నది లిట్మస్ కాగితం ఒక్కటే. పులుపు తగిలితే నీలం కాగితం ఎర్రబడుతుంది, క్షారం తగిలితే ఎర్రది నీలమవుతుంది. పులుపంటే చింతపండు, నిమ్మకాయ, మజ్జిగ, వెనిగర్, మా మదనపల్లె టమోటా కూడా. వీటిలో ఉండేది ఆమ్లం. క్షారమంటే సున్నం, బూడిదనీళ్ళు, బట్టలసోడా, బట్టల సబ్బుపొడి, వెనకటి రోజుల్లో రేవులో బట్టలుతకడానికి వాడిన చవుడు మట్టి. ఇవి ఎంత ఘాటో కొలవడానికి 1909లో డెన్మార్కు దేశపు సోరెన్‌సెన్ అనే ఆయన పీహెచ్ అనే లెక్క పెట్టాడు. ఆయన పనిచేసింది బీరు కంపెనీ వాళ్ళ ల్యాబులో లెండి! స్వచ్ఛమైన నీళ్ళు 7. అంతకంటే తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ క్షారం. నిమ్మరసం 2 దగ్గర ఉంటే, బట్టలసోడా నీళ్ళు 11 దగ్గర ఉంటాయి. ఒక్కో అంకెకి పదింతల తేడా. అంటే 9కీ 11కీ మధ్య తేడా రెండు కాదు, వందరెట్లు.

ఇక కుప్పం సంగతికి వస్తాను. మా చెల్లెల్ని అక్కడ ఇచ్చాం. 2022లో వాళ్ళు పాత ఇంటిపైన మిద్దె వేశారు. ఊరి చుట్టూ క్వారీలు, కుప్పం గ్రీన్ అని పేరుపడ్డ గ్రానైటు పుట్టే చోటు. అక్కడుంటూ హాల్లో కార్పెట్టు ఏమిటని నేను అప్పుడే అన్నాను. మా మరిది బెంగుళూరు ఆఫీసుల్లో గోడ నుంచి గోడకి పరిచిన కార్పెట్టు చూసొచ్చి ముచ్చటపడ్డాడు. పైగా రాయి వేయించడం కంటే ఖర్చు తక్కువన్నారు. సరే, ఎవరి ముచ్చట వాళ్ళది. గచ్చు పోసి నెల కూడా కాలేదు, గృహప్రవేశం ముహూర్తం ముంచుకొచ్చింది. ముహూర్తానికి ముందురోజు రాత్రి దాకా పనివాళ్ళు కూర్చుని గచ్చు మీద జిగురు రాసి కార్పెట్టు అంటించేశారు. కూలితో కలిపి 30 వేలు దాటింది.

వచ్చినవాళ్ళంతా చెప్పులు బయట విడిచి, చేత్తో నిమిరి మరీ చూశారట. నాలుగో నెలకల్లా అంచులు లేచాయి. ఒకరకమైన కంపు మొదలైంది. తలుపు తీయగానే తడిసిన గోనెసంచి వాసన. అంటించినాయన వచ్చి చూసి, "పైన నీళ్ళు పోసి తుడిచినారు, జిగురు నానిపోయింది, మా పనిలో తప్పు లేదు" అని తేల్చేశాడు. ఇంకేముంది! చెల్లెలి అత్తగారికి మాట దొరికింది. "బకెట్లకి బకెట్లు కుమ్మరిస్తాది, మేము చెప్తే వింటాదా?" అని వచ్చేపోయేవాళ్ళ దగ్గరంతా అదే మాట. నష్టం చేసింది కోడలు కాబట్టి, మళ్ళీ వేయించే ఖర్చు కోడలే పెట్టుకోవాలన్నారు. చెల్లెలు నాకు ఫోన్ చేసి, "అక్కా, గొలుసు కుదువ పెడతాండాను. అమ్మకి చెప్పొద్దు" అంది. అమ్మ దాని పెళ్ళికి చేయించిన గొలుసు అది.

మర్నాడే బయల్దేరాను. పుంగనూరులో అమ్మని ఎక్కించుకుని, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గొలుసు మాట అమ్మకి చెప్పలేదు. కార్పెట్టు చూసొద్దాం రమ్మన్నానంతే.

మిద్దెక్కి ఒక మూల కార్పెట్టు లేపితే కింద జిగురు నానిన సబ్బుబిళ్ళలాగా ఉంది. అక్కడక్కడ తెల్లగా ఉప్పు పూసింది. అమ్మ రోజూ ఆకూవక్కా వేసుకునే మనిషి. వేలితో ఒకసారి రాసి చూసి, "ఏమ్మే, ఇది సున్నం మాదిరి జారతాండాది" అంది. నాకు ల్యాబు గుర్తొచ్చింది. క్షారం ఏదైనా వేళ్ళ మధ్య సబ్బులాగా జారుతుంది. (చూడాలనిపించినా మీరు మాత్రం తడి సిమెంటుని వేలితో రుద్దకండి, చర్మం తినేస్తుంది. రుద్దితే వెంటనే కడుక్కోండి.)

కిందికెళ్ళి పసుపుకొమ్ము దంచి, నీళ్ళలో కలిపి, తెల్లకాగితం ముక్కలు ముంచి ఆరబెట్టాను. ఒక ముక్కని చెల్లెలు తుడిచే ఫినాయిల్ నీళ్ళలో ముంచాం. పసుపు పసుపుగానే ఉంది. ఇంకో ముక్కని గచ్చు మీద మంచినీళ్ళు చల్లి అద్దాం. చూస్తూండగానే రక్తంలా ఎర్రబడింది. తర్వాత అసలైన చోటు చూశాం. ఇనప బీరువా కింద. గృహప్రవేశం నాడు పెట్టిన బీరువాని అప్పటినుంచి ఎవరూ కదపలేదు, దాని కిందికి తుడిచేగుడ్డ దూరేది లేదు. నలుగురం పట్టి జరిపితే అక్కడా అదే జిగురు ముద్ద, అదే తెల్ల ఉప్పు. కాగితం అద్దితే అదే ఎరుపు. అత్తగారు కళ్ళద్దాలు తెచ్చుకుని మరీ చూశారు.

జరిగిందేమిటంటే, సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడేటప్పుడు దాని కడుపులో సున్నం పుడుతుంది. కొత్త గచ్చు పీహెచ్ 12, 13 దాకా ఉంటుంది. బట్టలసోడా కంటే ఘాటన్నమాట. పైకి ఆరినట్టు కనబడినా లోపలి తడి నెలల తరబడి మెల్లమెల్లగా పైకొస్తూనే ఉంటుంది, వస్తూ వస్తూ ఆ క్షారాన్ని మోసుకొస్తుంది. మామూలుగా అయితే గాలికి ఆరిపోతుంది. పైన కార్పెట్టు, దాని కింద రబ్బరు పొర ఉంటే ఎక్కడికి పోతుంది? జిగురు దగ్గరే ఆగిపోతుంది. నూనెలో క్షారం కలిపి కాస్తే సబ్బవుతుంది కదా, అలాగే చాలారకాల జిగుర్లు ఈ క్షారానికి మెత్తబడి సబ్బులా అయిపోతాయి. దీనికి పైన నీళ్ళు పోయనక్కర్లేదు, ఏ కోడలూ తుడవనక్కర్లేదు!

ఇది విని అత్తగారు "తప్పయిపోయింది" అనలేదు. అంటారని నేనూ అనుకోలేదు. కాసేపు ఊరుకుని, "అయితే మళ్ళా అంటించినా ఇదే గతా?" అని అడిగారు. ఆ ప్రశ్న ఒక్కటి చాలు. గొలుసు పెట్టె దాటలేదు. ఆ రోజే అంటించి ఉంటే ఆ డబ్బూ నాలుగు నెలల్లో సబ్బయిపోయేది.

మేస్త్రీ వచ్చి ఇంకో సలహా ఇచ్చాడు. గచ్చు మీద ఆసిడ్ పోసి కడిగేస్తే క్షారం విరిగిపోతుందన్నాడు. వినడానికి బాగానే ఉంటుంది, క్షారానికి విరుగుడు ఆమ్లమే కదా అనిపిస్తుంది. కానీ ఆసిడ్ పైపొరనే విరుస్తుంది, లోపలి సున్నం లోపలే ఉంటుంది. రెండు వారాల్లో మళ్ళీ పైకొస్తుంది. పైగా బాత్రూములు కడిగే ఆసిడ్ సున్నంతో కలిస్తే గాలిలో తేమని లాక్కునే ఉప్పొకటి తయారవుతుంది. గచ్చు ఇంకా చెమ్మగిల్లుతుంది. ఆ పొగ ఊపిరితిత్తులకి చేటు. మేము వద్దన్నాం. జిగురు గీకించి, కిటికీలు తెరిచి, వేసవి పోయేదాకా నేలని ఉత్తగా వదిలేశాం.

కొత్తిల్లు కట్టుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోండి. గచ్చు అంగుళం మందానికి సుమారు నెల చొప్పున ఆరాలని పనివాళ్ళ లెక్క. వానలు పడితే ఇంకా ఎక్కువ. తడి పోయిందో లేదో చూడటం సులువే. ఒకటిన్నర అడుగు చదరం పాలిథీన్ కాగితం నేలమీద పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి, సాయంత్రం నుంచి మర్నాటి దాకా, 16 గంటలకి తగ్గకుండా ఉంచండి. తీసి చూస్తే లోపల నీటిచుక్కలున్నా, నేల రంగు నల్లబడినా ఇంకా ఆరలేదని అర్థం. క్షారానికి పసుపు కాగితం ఉండనే ఉంది. కాకపోతే పసుపు 8, 9 మధ్యనే రంగు మారడం మొదలుపెడుతుంది, జిగురు డబ్బాల మీద మామూలుగా 9 లేదా 10 దాటకూడదని రాస్తారు. కాబట్టి కాగితం కొంచెం నారింజ తిరిగితే కంగారు వద్దు, పీహెచ్ కాగితం కొని అంకె చూసుకోండి. కుంకుమలాగా ఎర్రబడితే మాత్రం జిగురు డబ్బా మూత తియ్యొద్దు, ముహూర్తం ఎంత దగ్గరున్నా సరే. మన ఆడవాళ్ళం ముహూర్తాలు అడగడంలో ముందుంటాం, గచ్చు ఆరిందా అని మేస్త్రీని అడగం.

చెల్లెలి హాల్లో ఇప్పుడు వరంగల్ జంపఖానా పరిచారు. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నేత అది. అంటించేది లేదు, పండక్కి తీసి దులిపి ఎండలో వేస్తారు. నూలుది కాబట్టి కొంచెం క్షారం తగిలినా ఏమీ కాదు. నూలు గుణమే అంత. క్షారాన్ని ఓర్చుకుంటుంది, ఘాటైన ఆసిడ్‌ని ఓర్చుకోదు, చుక్కపడితే చిల్లే.

ఉన్ని సంగతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. పుంగనూరులో అమ్మ దగ్గర తాతగారి నాటి ఏలూరు తివాచీ ఒకటుంది. పక్కనే గొర్రెబొచ్చుతో నేసిన నల్లకంబళ్ళు రెండు. ఆ తివాచీకి నా వయసుకంటే ఎక్కువే ఉంటుంది, రంగు దిగలేదు. అమ్మ దాన్ని సబ్బుపొడితో ఎప్పుడూ ముట్టుకోలేదు. కుంకుడుకాయ రసం నురగ తీసి, ఆ నురగని మాత్రమే గుడ్డతో అద్ది, పిండిన తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెడుతుంది. ఎందుకమ్మా అంటే, "పట్టుచీరకి సబ్బేస్తామా? ఇదీ అంతే" అంటుంది.

అమ్మ మాట అక్షరాలా నిజం. పట్టు, ఉన్ని, మన తలవెంట్రుక మూడూ మాంసకృత్తులతో అయినవే. వీటికి కొంచెం పులుపు పడుతుంది, క్షారం గిట్టదు. కుంకుడు రసం కొద్దిగా పులుపు వైపే ఉంటుంది. మా మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె మగ్గాల వాళ్ళకి ఈ లెక్క బాగా తెలుసు. పచ్చిపట్టుకి ఉండే జిగట పోవడానికి సబ్బూ సోడా నీళ్ళలో ఉడకబెడతారు. అదీ కొలతగానే, ఎక్కువసేపు ఉంచితే దారమే బలం తగ్గుతుంది. రంగు వేసేటప్పుడు మాత్రం తొట్టిలో కాస్త ఆమ్లం కలుపుతారు. పట్టుకైనా ఉన్నికైనా ఆ రంగు పులుపుతో పట్టుకుంటుంది. పులుపుతో పట్టిన రంగుని క్షారంతో రుద్దితే వదలక ఏం చేస్తుంది చెప్పండి! మా వీధిలో ఒకావిడ ఎర్ర ఉన్ని తివాచీని బట్టలసోడాలో నానబెట్టింది. ఎరుపు తెల్లపూల మీదకి పాకి మొత్తం గులాబీ రంగైపోయింది. ఆరాక ముట్టుకుంటే కొబ్బరిపీచులా గరగర.

బ్లీచింగ్ అయితే ఇంకా ఘోరం. ఉన్నిదారం ముక్కని బ్లీచింగ్ ద్రావణంలో వేసి ఉంచితే కాసేపటికి కరిగి కనబడకుండా పోతుంది. మరకే కాదు, తివాచీ కూడా పోతుంది!

నైలాన్ లాంటి కార్పెట్లకి క్షారంతో పోగు దెబ్బతినదు కానీ వేరే చిక్కుంది. సబ్బుపొడి పూర్తిగా జాడించలేం కదా, కార్పెట్టుని బట్టలాగా పిండలేం. మిగిలిన సబ్బు దుమ్ముని పట్టుకుంటుంది. అందుకే కడిగిన నెలకే ముందుకంటే మురికిగా కనిపిస్తుంది. మా వైపు బోరునీళ్ళు ఉప్పుగా ఉంటాయి, వాటితో సబ్బు విరిగి తెట్టు కడుతుంది కాబట్టి ఇంకా కష్టం. విరుగుడుగా లీటరు నీళ్ళలో రెండు మూడు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవాలి. సబ్బు క్షారం విరిగి పోగు మెత్తబడుతుంది. ఏదైనా సరే, ముందు కనబడని మూల తెల్లగుడ్డతో అద్ది, రంగు దిగడంలేదని చూసుకున్నాకే చేయాలి. అడుగున జనపనార ఉన్న కార్పెట్లని బాగా తడపొద్దు. నారలోని గోధుమరంగు నీళ్ళతోపాటు పైకెక్కి మచ్చలు పడతాయి, క్షారం ఉంటే మరీను. ఆ మచ్చలకీ ఈ వెనిగర్ నీళ్ళే మందు.

ఇక మరకలు. మన ఇళ్ళలో తివాచీ మీద పడేది ఫారిన్ పుస్తకాల్లో రాసే వైను కాదు, సాంబారు! పడగానే సబ్బు రాశామా, పసుపుమరక ఎర్రగా మారి గుండె ఝల్లుమంటుంది. అది తివాచీ పాడవడం కాదు, దిష్టినీళ్ళే! వెనిగర్ నీళ్ళు అద్దితే మళ్ళీ పసుపవుతుంది. నూనె పోవడానికి కుంకుడు నురగ అద్ది, మిగిలిన పసుపుని ఎండకి వదిలేయండి. పసుపు రంగు ఎండకి నిలవదు. రెండు మూడు పూటలు చాలు, అంతకుమించి ఉంచితే తివాచీ రంగు కూడా వెలుస్తుంది.

టీ, కాఫీ మరకలకి కూడా సబ్బు ముందు వద్దు, క్షారం తగిలితే ముదురుతాయి. చన్నీళ్ళు అద్ది పీల్చి, తర్వాత వెనిగర్ నీళ్ళు. పసిపిల్లలు పాసు పోస్తే వెంటనే పీల్చేయడం ముఖ్యం. కొత్తలో అది కొంచెం పులుపు వైపు ఉంటుంది, నిలవున్నకొద్దీ అమ్మోనియాగా మారి క్షారమైపోతుంది. ఆ ఘాటువాసన దానిదే, రంగు వెలిసేదీ దానివల్లే. చిన్న మనవడున్న ఇంట్లో వెనిగర్ సీసా చేతికందేచోట ఉంచుకోవడం మంచిది, పిల్లవాడి చేతికి కాదు.

వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే బ్రహ్మాండంగా శుభ్రమవుతుందని చాలామంది చెబుతుంటారు. బుసబుసమని పొంగుతుంది నిజమే. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకున్నాక మిగిలేది కాస్త ఉప్పు కలిసిన నీళ్ళు. వాసనకి వంటసోడా పొడిగా చల్లి, గంట ఆగి దులపండి, చాలు. వెనిగర్ వేరేగా వాడుకోండి. కానీ వెనిగర్‌నీ, బాత్రూము ఆసిడ్‌నీ బ్లీచింగ్‌తో మాత్రం ఎన్నటికీ కలపకండి. విషవాయువు వస్తుంది. తలుపులు మూసిన గదిలో అయితే ప్రాణాలకే ముప్పు.

ఇంకొక్క మాట. వెనిగర్ నీళ్ళు అద్దేటప్పుడు తివాచీ కింద ఏ బండలున్నాయో చూసుకోండి. గ్రానైటుకి ఏమీ కాదు. కడపబండ, పాలరాయి సున్నపురాయి జాతివి. పులుపు పడ్డచోట నునుపు పోయి తెల్లటి మచ్చ పడిపోతుంది, ఎంత రుద్దినా రాదు. తివాచీని మడతపెట్టి వరండాలోకి తీసుకెళ్ళో, కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా వేసుకునో చేసుకోండి. సగం పిండిన నిమ్మచెక్కని కడపబండ గట్టుమీద రాత్రంతా వదిలేసే అలవాటున్నవాళ్ళు పొద్దున్నే ఆ గట్టు చూసుకుంటే సరి.